ఏసీఎల్ సర్జరీ తర్వాత బీఎఫ్ఆర్: మామూలు బ్యాండ్ వద్దండి

ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) సర్జరీ తర్వాత తొడ సన్నబడింది, బరువెత్తితే మోకాలు నొప్పి, ఎలాస్టిక్ బ్యాండ్ బిగించి బీఎఫ్ఆర్ (కాలికి రక్తప్రవాహం కొంత తగ్గించి చేసే వ్యాయామం) చేయొచ్చా అని అడిగారు. పద్ధతి మంచిదే, బ్యాండ్ మాత్రం దయచేసి వద్దండి. ఎంత బిగిసిందో తెలియదు, నరం నొక్కుకుపోవచ్చు.

ఫిజియో దగ్గర వెడల్పాటి కఫ్ (బీపీ చూసేటప్పుడు కట్టే పట్టీ లాంటిది) కట్టి, కాలికి రక్తం పూర్తిగా ఆగే ఒత్తిడి ఎంతో కొలుస్తారు. సాధారణంగా అందులో 40 నుంచి 80 శాతమే పెడతారు. మీరు ఎత్తగల గరిష్ఠ బరువులో 20-30 శాతంతోనే కండ బాగా అలసిపోతుంది, అందుకే మోకాలిపై భారం తక్కువ. మామూలుగా వ్యాయామం నాలుగు విడతల్లో 30, 15, 15, 15 సార్లు, మధ్యలో 30 సెకన్ల విశ్రాంతి. తొడ మండుతుంది, అది సహజమే. తిమ్మిరి వస్తే మాత్రం వెంటనే కఫ్ వదులు చేయించుకోండి.

కాలిలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా? పిక్క వాచిందా? ముందు సర్జన్‌కు చెప్పండి.