పాలు, శెనక్కాయలు పడని పిల్లకాయలకి మౌల్డ్ చాక్లెట్లు: నెల్లూరు ఎండల్లో నేను చేసే పద్ధతి

మీరు అడిగింది ఇదీ: మే నెలలో ఒంగోలులో మీ బాబు పుట్టినరోజు. అపార్ట్‌మెంట్ పిల్లల్లో ఒక పాపకి పాల ఎలర్జీ, ఇంకో బాబుకి శెనక్కాయలు, జీడిపప్పు పడవు. అందరికీ ఒకటే రకం రిటర్న్ గిఫ్ట్‌గా ఇంట్లో మౌల్డ్ చాక్లెట్లు చేయొచ్చా, డార్క్ కాంపౌండ్ (కోకో పొడికి వేరే నూనె కొవ్వులు కలిపి చేసే నల్ల చాక్లెట్) కొంటే సరిపోతుందా అని.

చేయొచ్చు. డార్క్ కాంపౌండ్ సంగతి మాత్రం ప్యాకెట్ వెనక చదివితే గానీ తెలీదు. మా మేనకోడలికి పసితనం నుంచీ పాలు పడవు. పాలమీగడ మిఠాయి మలైకాజాకి పేరున్న నెల్లూరులో పుట్టి దాన్ని నోట పెట్టలేని పిల్ల. అందుకని పండక్కీ పబ్బానికీ ఇంట్లో ఈ చాక్లెట్లు నేనే చేస్తుంటాను. కరిగించి అచ్చులో పోయడం ఎవరైనా చేస్తారు, కష్టమంతా కొనేటప్పుడూ గిన్నెలు కడిగేటప్పుడే.

డార్క్ అంటే పాలు లేవని చాలామంది అనుకుంటారు. బేకరీ సామాను కొట్లో దొరికే డార్క్ కాంపౌండ్లలో కొన్నిటికి మిల్క్ సాలిడ్స్ కలుపుతారు. కలపకపోయినా, మిల్క్ చాక్లెట్ నడిచిన మెషీన్ మీదే తయారైతే ఎంతో కొంత అంటుకుంటుంది. పచ్చ చుక్క చూసి ధైర్యపడకండి, అది శాకాహారమని చెప్పే గుర్తు, పాలు కూడా అందులోకే వస్తాయి. వీగన్ (జంతువుల నుంచి వచ్చేవేవీ వేయని) గుర్తున్నా, పాలు కావాలని కలపలేదని మాత్రమే అర్థం. పైగా వీగన్ 'మిల్క్' చాక్లెట్ కొన్నిటిలో పాల బదులు బాదమో జీడిపప్పో వేస్తారు. అంటే పాపకి పనికొచ్చేది ఆ రెండో బాబుకి పనికిరాదు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నిబంధనల ప్రకారం పాలు, గుడ్డు, గోధుమలాంటి గ్లూటెన్ ధాన్యాలు, శెనక్కాయలు, జీడిపప్పు బాదం లాంటివి, సోయా, చేపలు, రొయ్యలు ఇలాంటివి ఉంటే ప్యాకెట్ మీద విడిగా 'కంటెయిన్స్' అని రాయాలి. కలిసే అవకాశం ఉంటే 'మే కంటెయిన్' అని రాస్తారు. తీవ్రమైన ఎలర్జీ ఉన్న పిల్లలకైతే ఆ 'మే' ఉన్న ప్యాకెట్ కూడా నేను కొనను. పదార్థాల జాబితాలో వే పౌడర్, కేసినేట్, బటర్ ఆయిల్ కనిపిస్తే అవన్నీ పాలే. ఎమల్సిఫయర్ 322 అంటే లెసిథిన్, చాక్లెట్ సాఫీగా కలవడానికి వేసేది, అది ఎక్కువగా సోయా నుంచి వస్తుంది. సోయా పడనివాళ్లుంటే పొద్దుతిరుగుడు లెసిథిన్ వాడినది వెతకాలి. పెద్ద కడ్డీ పగలగొట్టి కవర్లో తూకం వేసి ఇచ్చేది మాత్రం ఎంత చవకైనా వద్దు. దానికి లేబుల్ ఉండదు, పక్క డబ్బాలో ఏముందో, తూచిన చెయ్యి అంతకుముందు దేన్ని ముట్టుకుందో తెలీదు.

ఇంకో మాట, అత్తయ్యలతో వాదన పడాల్సి వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నా. పాలు అరగకపోవడం వేరు, పాల ఎలర్జీ వేరు. మొదటిది లాక్టోజ్ అనే పాల చక్కెరతో వచ్చే కడుపు ఇబ్బంది. రెండోది పాల ప్రోటీన్‌ని శరీరం శత్రువుగా చూడడం, చిన్న మోతాదుకే ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చు. "కాస్త నెయ్యి వేస్తే ఏమవుద్ది" అంటారు. నెయ్యిలోనూ ఆ ప్రోటీన్ కొద్దిగా మిగలొచ్చు. మేకపాలు కూడా పరిష్కారం కాదు.

తెల్ల చాక్లెట్ జోలికి వెళ్లకండి. కొబ్బరిపాల పొడితో చేయొచ్చని వీడియోలు ఉన్నాయి గానీ, ఆ పొడి చాలా బ్రాండ్లలో సోడియం కేసినేట్ ఉంటుంది. అదే వీడియోల్లో కొబ్బరినూనె, కోకో పొడి కలిపి ఫ్రిజ్‌లో పెట్టే వంటకం కూడా చెబుతారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మన వైపు అది గిఫ్ట్ బాక్సులో పెట్టేలోపే గుజ్జైపోతుంది. కోకో బటర్ అంటే కోకో గింజల కొవ్వు, పేరులో బటర్ ఉన్నా పాలది కాదు, అదైతే 34 దగ్గర కరుగుతుంది. అందుకే పాలు లేని కూవెర్చర్, అంటే కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్, తీసుకోమంటాను. పాలు లేని కాంపౌండ్ దొరికితే పని తేలిక, దానిలో వేరే నూనె కొవ్వులుంటాయి కాబట్టి కరిగించి పోస్తే చాలు. రుచి మాత్రం నాలుక మీద మైనంలా ఉంటుంది, నాకు నచ్చదు.

కూవెర్చర్‌ని టెంపర్ చేయాలి, అంటే కొలిచిన వేడికి కరిగించి, కలుపుతూ మెల్లగా చల్లార్చాలి. లేకపోతే అచ్చులోంచి రాదు, మెరుపుండదు, పట్టుకుంటే చేతికి అంటుతుంది. ముక్కలు తరిగి మూడో వంతు పక్కన పెట్టండి. మిగతాది డబుల్ బాయిలర్‌లో (వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి) 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి దించి, పక్కన పెట్టింది కొంచెం కొంచెంగా వేస్తూ 31, 32కి వచ్చేదాకా కలపాలి. డిజిటల్ థర్మామీటర్ తప్పనిసరి. ఇక్కడే మన ఎండ అడ్డొస్తుంది. మధ్యాహ్నం వంటగది 36 డిగ్రీలుంటే చాక్లెట్ 32కి ఎలా దిగుతుంది? బెడ్‌రూమ్‌లో ఏసీ 20, 22లో పెట్టి, గది బాగా చల్లబడ్డాక తలుపేసుకుని చేయండి. స్పూన్ వెనక కాస్త పూసి చూస్తే అయిదు నిమిషాల్లో గట్టిపడి మెరవాలి. మెరిస్తేనే అచ్చుల్లో పోయండి. రోహిణి కార్తెలో ఏసీ లేకుండా అయితే ఈ ప్రయత్నమే వద్దు, కాంపౌండ్‌తో సరిపెట్టుకోండి.

ఒక్క చుక్క నీళ్లు పడినా చాక్లెట్ ముద్దకట్టేస్తుంది. అందుకే అచ్చులు, గరిటెలు పొడిబట్టతో తుడవాలి, మామూలు ఎసెన్స్, నీళ్లు కలిసిన ఫుడ్ కలర్లు వేయకూడదు. సువాసన కావాలంటే గూడూరు నిమ్మకాయ పైతొక్కని పచ్చభాగం మాత్రమే సన్నగా తురిమి, తడి ఆరాక కలపండి. రసం చుక్క కూడా వద్దు. కరకరకి గుమ్మడి గింజలు, బొరుగులు బాగుంటాయి. గింజల ప్యాకెట్ మీద కూడా 'మే కంటెయిన్' చూడాలి, జీడిపప్పు ప్యాక్ చేసే చోటే అవీ ప్యాక్ చేస్తుంటారు. బొరుగులు కూడా బజార్లో శెనక్కాయల బస్తా పక్కన పెట్టి అమ్మేవి కాకుండా సీల్ ప్యాకెట్ కొనండి. చాలా కార్న్‌ఫ్లేక్స్‌లో బార్లీ మాల్ట్ ఉంటుంది, గ్లూటెన్ పడనివాళ్లుంటే అవీ పనికిరావు.

పోశాక అచ్చుని బల్ల మీద తడితే బుడగలు పైకొస్తాయి. ఫ్రిజ్‌లో పది పదిహేను నిమిషాలు చాలు. టెంపరింగ్ సరిగ్గా కుదిరితే చాక్లెట్ కొంచెం కుంచించుకుపోయి, అచ్చు తిరగేస్తే తనంతట తనే రాలుతుంది. చిన్న గుంటలున్న అచ్చు మంచిది, 8, 10 గ్రాముల ముక్క పిల్లకాయలకి సరిపోతుంది.

కడగడం గురించి. శానిటైజర్ శెనక్కాయ ప్రోటీన్‌ని తీసేయదు, చేతులకైనా గిన్నెలకైనా సబ్బూ నీళ్లే. సిలికాన్ అచ్చులకి కొవ్వు జిడ్డు పట్టి వదలదు కాబట్టి, జీడిపప్పు చాక్లెట్లు చేసిన పాత అచ్చు వాడకుండా కొత్తది కొనండి. చెక్క గరిటెలు వద్దు. మిక్సీ జార్ వాషర్ కింద ఏం దాక్కుంటుందో ఒకసారి ఊడదీసి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ రోజు ఇంట్లో పల్లీ పచ్చడి, పాయసం పెట్టుకోకండి. చుట్టాలు తెచ్చిన వేటపాలెం జీడిపప్పు డబ్బా ఉంటే పై అరలో పెట్టేయండి.

వేరే ఊరు పంపాలంటే థర్మాకోల్ పెట్టెలో, గుడ్డ చుట్టిన ఐస్ ప్యాక్‌తో పంపండి. పెట్టె కొత్తదే కొనాలి సుమా. మన జిల్లాల్లో చవకగా దొరికేవి రొయ్యలు ప్యాక్ చేసినవి, వాసన సంగతి అటుంచి రొయ్య కూడా పెద్ద ఎలర్జీ సరుకే. ఫ్రిజ్‌లో దాచినవి గాలి చొరబడని డబ్బాలోనే ఉంచి, బయటి వేడికి సర్దుకున్నాక మూత తీయండి. వెంటనే తీస్తే చెమ్మ పట్టి తెల్లమచ్చలు వస్తాయి.

ప్యాకెట్ మీద 'ఎలర్జీ ఫ్రీ' అని రాయొద్దు, ఆ హామీ ఇంటి వంటగదిలోంచి ఎవరూ ఇవ్వలేరు. ఏమేం వేశారో రాయండి, మీ ఇంట్లో పాలు, శెనక్కాయలు, జీడిపప్పు వాడతారని కూడా రాయండి. వాడిన ప్రతి ప్యాకెట్ ముందూ వెనకా ఫొటో తీసి ఆ ఇద్దరు పిల్లల అమ్మలకీ ముందే వాట్సాప్ చేయండి. వాళ్ల డాక్టర్ ఏం చెప్పారో వాళ్లకే తెలుసు. అంతా చూసి కూడా వద్దంటే నొచ్చుకోకండి, ఆ ఇద్దరికీ కలర్ పెన్సిళ్ల డబ్బా ఇవ్వండి. నేనైతే ఆ డబ్బాలు పార్టీకి ముందే తెచ్చి పెట్టుకుంటాను.