సంతకం పెట్టండి, విడుదల పత్రం మీద మాత్రం కాదు

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో శివాలయం వీధి దగ్గర మా నాన్న 1978లో కొన్న రెండంతస్తుల పాత ఇల్లుంది. నాన్న 2019లో పోయారు. వీలునామా రాయలేదు. 74 ఏళ్ల అమ్మ పై అంతస్తులో తమ్ముడి కుటుంబంతో ఉంటోంది. కింద ముందు గదిని స్టీలు సామాన్ల కొట్టుకి అద్దెకిచ్చాం. బెంగళూరులో ఉండే అన్నయ్య బ్రోకరు ద్వారా బేరం తెచ్చాడు. ‘నీ పెళ్లికి కట్నం ఇచ్చేశాం, ఇంట్లో నీ వాటా వదులుకుంటున్నట్టు విడుదల పత్రం మీద సంతకం పెట్టు’ అంటున్నాడు. తమ్ముడికి అమ్మడం ఇష్టం లేదు గానీ నోరు విప్పడు. వాటా అడిగితే పుట్టింటికి దూరమైపోతానేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: అన్నయ్య ఏమన్నాడో రాశారు, తమ్ముడి మనసులో ఏముందో రాశారు. అమ్మ ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. బేరం కంటే ముందు తేలాల్సింది అదే.

ఆ ఇంట్లో, కొడుకూ కోడలూ వింటుండగా అడక్కండి. రెండు రోజులు గుంటూరు తెచ్చుకోండి. ‘ఇల్లు అమ్మడం నీకిష్టమేనా’ అంటే ఏ తల్లయినా ‘మీ ఇష్టం’ అనేస్తుంది. ‘అమ్మేస్తే ఎక్కడుంటావు? ఎవరి దగ్గర? మందులకీ గుడికీ ఎవరు తీసుకెళ్తారు?’ అని విడివిడిగా అడగండి. పాత ఇళ్లలో మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కింద ఇల్లే హాయి కావచ్చు. ఆమె అమ్మకానికి అడ్డమని ముందే అనుకోవద్దు.

ఇక వాటా సంగతి. నాన్న స్వార్జితం, వీలునామా లేదు, నాయనమ్మ కూడా లేరు అనుకుంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకి, మీ ముగ్గురికి తలా పావు వంతు. కట్నం ఇచ్చినందువల్ల ఇందులో పైసా తగ్గదు. కట్నం ఇవ్వడం పుచ్చుకోవడం 1961 చట్టం నుంచీ నేరం. ఆ నేరాన్ని చూపించి వాటా తీరిపోయిందనడం మన ఇళ్లల్లో మామూలైపోయింది గానీ చట్టం ఒప్పుకోదు. నాన్న కొన్నట్టు చూపే 1978 దస్తావేజు మాత్రం కళ్లారా చూడండి. అది నిజంగా పూర్వీకుల ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారుతుంది. అమ్మకి పదహారో వంతే మిగిలి, మీ ముగ్గురికీ తలా అయిదు పదహారో వంతులు వస్తాయి. తాతగారిదన్న ప్రతిదీ ఉమ్మడి ఆస్తి కాదు. 1956 తర్వాత తాతగారు వీలునామా లేకుండా పోయి, అలా నాన్నకి వచ్చిన ఇల్లు నాన్న సొంతమే అవుతుంది.

విడుదల పత్రం ప్రతిఫలం లేకుండా రిజిస్టరైతే మీ పావు వంతు ఆ రోజే పోయినట్టు. తర్వాత ఏదైనా ఇస్తానన్న అన్నయ్య మాట మీద నిలబడకపోయినా చేసేదేం ఉండదు. అసలు ఇల్లు బయటివాళ్లకి అమ్మడానికి విడుదల అవసరమే లేదు. వారసులు నలుగురూ అమ్మకందార్లుగా ఒకే అమ్మకం దస్తావేజు మీద సంతకం పెడితే సరిపోతుంది. కాబట్టి అన్నయ్యతో ఇలా అనండి: ‘అన్నయ్యా, నేను సంతకం పెట్టననడం లేదు. అమ్మకం దస్తావేజు మీదే పెడతాను, రిజిస్ట్రేషన్ రోజు నేనే వస్తాను.’ ఇందులో కాదన్న మాటే లేదు, కోపానికి పట్టు దొరకదు. ‘అంత దూరం ఎందుకు, జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) ఇవ్వు’ అన్నా ఇదే జవాబు. గుంటూరు నుంచి విజయవాడ ఎంత దూరమని!

ధర మాట్లాడే ముందు కొలత చూడండి. పాత వీధుల్లో గొడవలు ఎక్కువగా అక్కడే పుడతాయి. పక్కింటికీ మనకీ మధ్య ఉమ్మడి గోడ ఉంటుంది, మందం అడుగున్నర. లోపలి నుంచి లోపలికి వెడల్పు పదమూడున్నర అడుగులు, పొడవు 41 అడుగులు అనుకోండి. 553.5 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే అరవై ఒకటిన్నర గజాలు. అదే రెండు వైపులా గోడల్లో సగం, అంటే తొమ్మిదేసి అంగుళాలు కలిపితే వెడల్పు 15 అడుగులై, విస్తీర్ణం 68 గజాలు దాటుతుంది. దాదాపు ఏడు గజాల తేడా! కొనేవాడు లోపల టేపు పట్టి కొలిచి, దస్తావేజులో రాసిన గజాలకి తక్కువొచ్చిందని ధర తగ్గించమంటాడు. దస్తావేజు హద్దుల్లో ‘ఉమ్మడి గోడ’ అని ఉందో, ‘సొంత గోడ’ అని ఉందో చూసి, లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపించి, ఆ ప్లాను అగ్రిమెంటుకి జత చేయండి. రోడ్డు వెడల్పులో ఎంత పోతుందో కార్పొరేషన్ టౌన్ ప్లానింగులో అడిగి రాయించుకోండి. టేకు దూలాలు, ద్వారబంధాలు కొనేవాడివా మీవా అన్నదీ రాయాలి. పడగొట్టే ఇంట్లో డబ్బు పలికేది ఆ కలపే.

కొట్టు విషయంలో జాగ్రత్త. ‘ఖాళీ చేయించి అప్పగిస్తాం’ అని అగ్రిమెంటులో రాశారా, అద్దెదారు గుడ్‌విల్ (ఖాళీ చేయడానికి డబ్బు) అడిగి మొండికేస్తే గడువు దాటిన నష్టం మీ నలుగురి మీద పడుతుంది. ముందు ఖాళీ చేయించండి, లేకపోతే అద్దెదారుతో సహా అమ్ముతున్నామని రాయండి.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే పత్రం), నాన్న డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదులు ఇప్పటి నుంచే పోగు చేయండి. ఇరవై వేలూ ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. అడ్వాన్సుతో సహా ప్రతి చెల్లింపూ నాలుగు డీడీలుగా నలుగురి పేర్ల మీద రావాలి. అన్నయ్య ఖాతాలో పడి తర్వాత పంచుకుంటామంటే వద్దనండి. లాభం మీద పన్ను ఎవరి వాటాకి వారిదే. 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు గనక రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు తీయించండి.

అమ్మ పావు వంతు ఆమె ఖాతాలోనే ఉండాలి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. అమ్మ తన వాటా ఎవరికైనా రాసిస్తానంటే, తనను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. చూడకపోతే ఆర్డీఓ ట్రిబ్యునల్‌లో 2007 నాటి పెద్దల సంరక్షణ చట్టం కింద రద్దు అడగడానికి అదే ఆధారం. మీ వాటా మీకు అక్కర్లేదనిపిస్తే డబ్బు చేతికొచ్చాక అమ్మకే ఇవ్వండి.

తమ్ముడిని మీరే కదిలించండి. ఇల్లు తనే ఉంచుకోవాలనుకుంటే అన్నయ్యకి, మీకు పావు వంతు చొప్పున డబ్బిచ్చి, అమ్మ వాటా అమ్మకే ఉంచి విడుదల రాయించుకోవచ్చు. అప్పుడు విడుదల పత్రమే సరైన దారి, దానిలో అందిన సొమ్ము అంకెల్లో అక్షరాల్లో ఉండాలి. బ్యాంకు అప్పు తెచ్చుకోవడానికి ఆరు నెలల గడువు అడిగితే అన్నయ్యని ఒప్పించడం మీ వంతు.

అన్నయ్య విసిగి తన పావు వంతొక్కటే బయటివాళ్లకి అమ్మేస్తానంటే బెదరకండి. వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ముందు కొనే హక్కు మీకూ తమ్ముడికీ అమ్మకీ ఉంది. కొన్న బయటివాడు మీ కుటుంబం కాపురముంటున్న ఇంట్లో మీతో కలిసి మకాం పెట్టలేడు. మాటలు తెగే దాకా వస్తే కేసు వేయకముందే న్యాయ సేవల అధికార సంస్థకి అర్జీ పెట్టండి. స్త్రీలకి ఆదాయంతో సంబంధం లేకుండా వకీలుని ఉచితంగా ఇస్తారు. అక్కడ లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది.