మాట వెళ్లిన దారిలోనే వెళ్లాలి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. రెండు నెలల కిందట ఒక సాయంత్రం మా మరదలు ఎవరిదో బండి మీద వచ్చి కాలవ వంతెన దగ్గర దిగడం చూశాను. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి ‘నీ పెళ్లాం తిరుగుతోంది’ అనేశాను. పిన్నితోనూ చెప్పాను. ఆ రోజు నరసాపురం ఆస్పత్రిలో ఉన్న వాళ్ల నాన్నని చూసొస్తుంటే బస్సు తప్పిపోయిందనీ, తెలిసిన మందుల షాపు కుర్రాడు దింపాడనీ తర్వాత తెలిసింది. ఇప్పుడామె పుట్టింట్లో ఉంది. తమ్ముడు నా ఫోనెత్తడం లేదు. రోజూ నమాజులో తౌబా (అల్లాహ్ ముందు పశ్చాత్తాపం) చేసుకుంటున్నాను. చాలదా?

జవాబు: చాలదమ్మా.

మీరు చూసింది బండి దిగడం. చెప్పింది వేరు. ఖురాన్‌లో నూర్ సూరా (అధ్యాయం) 4వ ఆయత్ (వాక్యం) పట్టుకున్నది ఇక్కడే. శీలవతి మీద నిందవేసి నలుగురు సాక్షుల్ని తేలేకపోతే 80 కొరడా దెబ్బలు, ఆపైన వాళ్ల సాక్ష్యం చెల్లదు. సాక్షులంటే కళ్లారా చూసినవాళ్లే, అనుమానపడినవాళ్లు కాదు. మన దేశంలో ఆ శిక్ష లేదు సరే, పాపం బరువు మాత్రం తెలుస్తుంది కదా. మనిషిని నాశనం చేసే ఏడు పాపాల్లో ప్రవక్త దీన్నీ చెప్పారు.

ప్రవక్త భార్య ఆయిషా గారి సంగతి మీరు వినే ఉంటారు. ప్రయాణంలో పోయిన హారం వెతుక్కుంటూ ఆవిడ వెనకబడిపోతే, ప్రవక్త సహచరుడు సఫ్వాన్ తన ఒంటె మీద ఎక్కించి, తాను నడుస్తూ తీసుకొచ్చారు. జరిగింది అంతే. దానికి మదీనాలో నెల రోజులు గుసగుసలు. అప్పుడు ఒంటె, ఇప్పుడు మోటార్‌సైకిలు.

5వ ఆయత్ తౌబాకి దారి ఉంచింది. అయితే తౌబా చేసి, తమను సరిదిద్దుకున్నవాళ్లకి. అన్నమాట తప్పని ఒప్పుకోవడం అందులో భాగమని చాలామంది ఉలమా (ధర్మ పండితులు) చెబుతారు. తమ్ముడు ఫోనెత్తకపోతే వాట్సాప్‌లో వాయిస్ పెట్టండి. ‘నాకలా అనిపించింది’ లాంటి మాటలొద్దు. ‘నేను చూసింది బండి దిగడమే, మిగతాది నా కల్పన, మరదలి తప్పేమీ లేదు’ అనండి. పిన్ని దగ్గరికి నడిచి వెళ్లి అదే మాట చెప్పండి. ఆవిడ ఇంకెవరి చెవిన వేసిందో అడిగి, ఆ గుమ్మాలూ ఎక్కండి. సిగ్గేస్తుంది, వేయనివ్వండి.

మరదలి దగ్గరికి ఆ తర్వాతే. చాలామంది ముందు అక్కడికే పళ్లు పట్టుకుని వెళ్లి బోరుమంటారు, చివరికి ఓదార్చాల్సింది ఆ పిల్లే అవుతుంది! మీరు చేసింది చెప్పి, క్షమాపణ అడిగి వచ్చేయండి. క్షమించడం ఆమె ఇష్టం. తన కూతురు ఆయిషా మీద ఆ నిందని ప్రచారం చేసిన బంధువు మిస్తహ్‌కి అబూబకర్ గారు మళ్లీ సాయం చేసిన కథ గొప్పదే, కానీ అది మీ నోట రాకూడదు. ఆమె పరువునష్టం కేసు పెట్టాలనుకుంటే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయమూ ఉంది. అడ్డుపడమని పెద్దల్ని పంపకండి.

ఒక్క మాటైనా అడక్కుండా భార్యని అనుమానించిన తమ్ముడి తప్పు వేరే ఉంది. అతను రాస్తే అతనికీ జవాబిస్తాను.