వండర్‌లా రిసార్ట్‌కి తరచూ వెళ్లేవాళ్లు రైడ్స్ కాకుండా తీరిగ్గా ఏం చేస్తారు?

రెండో రోజు పార్కు టికెట్ కొనకండి. నా సమాధానం ఇంతే. ఎందుకో చెప్పడానికే మిగతాదంతా.

మూడు నెలలకోసారి పిల్లలతో బెంగళూరు దగ్గర బిడదిలో, వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కు పక్కనుండే రిసార్ట్‌కి వెళ్తామని, రైడ్స్ అన్నీ ఎక్కేశామని, వెంట వచ్చే పెద్దవాళ్లకి అక్కడ పొద్దు పోవడం లేదని మీరు రాశారు. మాదీ అదే కథ. మేం 2014లో బెంగళూరు వచ్చాం, మారతహళ్లి దగ్గర ఉంటాం. ఊరి నుంచి ఎవరొచ్చినా, పిల్లలకి సెలవులిచ్చినా, కారు మైసూరు రోడ్డు పట్టాల్సిందే. ఇప్పటికి పన్నెండుసార్లయినా వెళ్లి ఉంటాం. పార్కు 2005 నుంచి ఉంది, పక్కనే 84 గదుల రిసార్ట్ 2012లో వచ్చింది. ఆ రిసార్ట్‌లో ఐదారుసార్లు రాత్రి ఉన్నాం. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను.

పొద్దు పోవడం లేదన్నారు కదా, అక్కడ పెద్దవాళ్లకి మనం ఏ పని అప్పగిస్తున్నామో ఒక్కసారి చూడండి. సంచుల కాపలా.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరే ఉంటున్నారు. మాది యలమంచిలి. నాన్నకి డెబ్బై నాలుగు, రెండు మోకాళ్లూ నొప్పే. 2022 వేసవిలో ఆయన్ని మొదటిసారి అక్కడికి తీసుకెళ్లాం. నీళ్లలోకి దిగాలంటే నైలాన్ బట్టలు వేసుకోవాలి, నూలు బట్టలతో దిగనివ్వరు. నూలు పోగులు ఫిల్టర్లలో చేరి అడ్డుపడతాయి కాబట్టి వాటర్ పార్కుల్లో ఎక్కడైనా ఇదే పద్ధతి. పంచె తప్ప ఇంకోటి కట్టని మనిషికి సగం పార్కు అక్కడే మూసుకుపోయింది. మిగిలిన సగం మోకాళ్ల వల్ల. "నేనిక్కడ కూకుంటాను, మీరెల్లి రండి" అని ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. మేం నాలుగు సంచులు, అందరి ఫోన్లు, మా వారి కళ్లజోడు, చిన్నదాని చెప్పులు ఆయన ఒళ్లో పెట్టి వెళ్లిపోయాం. లాకర్ తీసుకుంటే అయిపోయేది. నాన్న ఉన్నారు కదా, ఎందుకు దండగ అనుకున్నాం.

మధ్యాహ్నం మూడున్నరకి ఆకలేసి వచ్చాం. నాన్న అదే బెంచీ మీద, అలాగే ఉన్నారు. ఎండ జరిగి చెట్టు నీడ అవతలికి పోయింది, ఈయన మాత్రం జరగలేదు. ఒక సంచి పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నారు. మమ్మల్ని చూడగానే లేచి, మాట కూడా మాట్లాడకుండా, కుంటుకుంటూ గబగబా బాత్రూమ్ వైపు వెళ్లారు. నాకు అప్పుడు వెలిగింది. నాలుగు గంటలకు పైగా ఆపుకుని కూర్చున్నారు. తిరిగొచ్చాక అడిగితే, "సంచులొగ్గీసి ఎలగెల్తానమ్మా?" అన్నారు. కోపం లేదు ఆ మాటలో. కోప్పడి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. ఆ రోజు అన్నం నాకు గొంతు దిగలేదు.

తీరిగ్గా ఏం చేయొచ్చు అని ఎవరైనా అడిగితే నాకు స్పా, స్విమ్మింగ్ పూల్ గుర్తు రావు. ఆ బెంచీ గుర్తొస్తుంది. రైడ్స్ ఎక్కనివాళ్లకి ఏం ఉందో ముందు చూసి, దాని చుట్టూ ప్లాన్ వేయాలి. పిల్లల సంగతి పార్కు చూసుకుంటుంది. అయినా పన్నెండేళ్లు దాటిన పిల్లలకి రైడ్స్ మీద ఉండే మోజులో సగం వీడియోల కోసమే. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను, ఇద్దరిని పెంచుతున్నాను.

ఆ తర్వాత 2023 డిసెంబర్‌లో మళ్లీ వెళ్లాం. ఈసారి గది రెండు రాత్రులకి, పార్కు టికెట్లు మొదటి రోజుకి మాత్రమే. పిల్లలు మొహం మాడ్చుకున్నారు. మా వారు, అంత దూరం వెళ్లి పార్కుకి వెళ్లకపోతే డబ్బులు వృథా కదా అన్నారు. ఆయన మాత్రం ల్యాప్‌టాప్ తెచ్చుకుని రెండు మీటింగులు అక్కడి నుంచే చేశారు, అది వృథా కాదట. (రిసార్ట్‌కి ల్యాప్‌టాప్ తెచ్చేవాళ్ల గురించి ఇంకో పెద్ద సమాధానం రాయగలను.)

రెండో రోజు పొద్దున్న ఆరింటికి నాన్న, నేను బయటికి వచ్చాం. రిసార్ట్‌లో ఉండేవాళ్లు చాలామంది పోగొట్టుకునేది ఈ సమయాన్నే. పార్కు తెరిచేది పదకొండింటికి. అంతవరకు అందరూ నిద్రపోయి, బఫేలో ప్లేటు మీద పూరీ, పాస్తా, పుచ్చకాయ కలిపి కుప్ప పోసుకుని, గేటు దగ్గర క్యూ కడతారు. ఆ ఐదు గంటలు నడవడానికి, కూర్చోవడానికి, మాట్లాడుకోవడానికి ఎంత బాగుంటాయో చెప్పలేను. డిసెంబర్ కాబట్టి బిడదిలో మంచు పట్టి ఉంది. గోడ మీదుగా ఎత్తైన రైడ్లు కనిపిస్తున్నాయి, ఒక్కటీ కదలడం లేదు. నిన్న చెవులు చిల్లులు పడేలా అరిచిన చోట ఇప్పుడు పిట్టలు కూస్తున్నాయి. నాన్న నిలబడి చాలాసేపు చూశారు. "అంతెత్తు ఇనప సామాను ఇక్కడిదాకా ఎలా తెచ్చారమ్మా?" అని అడిగారు. ఆయన ఎలక్ట్రిసిటీ బోర్డులో లైన్‌మన్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైర్ అయ్యారు. టవర్లు నిలబెట్టడం గురించి అరగంట చెప్పారు. ఆ పార్కు గురించి ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

ఏడున్నరకి అందరం కలిసి బిడది ఊళ్లోకి వెళ్లాం, తట్టె ఇడ్లీకి. రిసార్ట్‌లో బ్రేక్‌ఫాస్ట్ గది అద్దెలోనే ఉన్నా సరే, ఒక్క పూట అది వదులుకోండి. చిన్న పళ్లెమంత ఇడ్లీ, పైన వెన్న ముద్ద, పక్కన కొబ్బరి చట్నీ. నాన్న వేలితో నొక్కి చూసి, "ఇది ఆవిరి కుడుమంత ఉందే" అన్నారు. రెండు తిన్నారు. ఆయన ఇంట్లో రెండు మామూలు ఇడ్లీలకి మించి తినరు.

అక్కడి నుంచి చన్నపట్న, లక్క పూసిన చెక్క బొమ్మలకి పేరున్న ఊరు. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకండి. 2023 మార్చిలో అది వచ్చాక బెంగళూరు నుంచి మైసూరు వెళ్లేవాళ్లు బిడది, రామనగర, చన్నపట్న మూడింటినీ బైపాస్ మీద నుంచి దాటేసి, మధ్యలో ఏమీ లేదనుకుంటున్నారు. పాత రోడ్డు పట్టుకుని నిదానంగా పోతే దారిలో రామనగర దగ్గర జానపద లోక అనే మ్యూజియం ఉంది. ఐఏఎస్ అధికారిగా చేసిన హెచ్.ఎల్. నాగేగౌడ పల్లెటూళ్లు తిరిగి సేకరించిన నాగళ్లు, తిరగళ్లు, తోలుబొమ్మలు, వాయిద్యాలు అక్కడ పెట్టారు. పెద్దవాళ్లు ప్రతి వస్తువు దగ్గరా ఆగుతారు, వాళ్లని తొందరపెట్టకండి. రామదేవర బెట్ట కూడా అక్కడే, రాబందుల అభయారణ్యం అది. కానీ మెట్లెక్కాలి, మోకాళ్లు బాగున్నవాళ్లకే.

చన్నపట్నలో రోడ్డు పక్క షాపులో బొమ్మలు కొనేసి వెనక్కి రావాలని మా ఆలోచన. నాన్న షాపులో ఒక కుంకుమ భరిణె చేతిలోకి తీసుకుని, మూత తీసి, లోపల రంగు పడని చోట గోరుతో గీకి, "ఇది అంకుడు కర్ర" అన్నారు. బొమ్మలు ఎక్కడ చేస్తారని అడగమన్నారు. షాపతను ఒక సందు చూపించాడు. చిన్న రేకుల గది, గుమ్మం దాకా చెక్క పొట్టు. లోపల ఒక పెద్దాయన లేత్ ముందు కూర్చుని ఉన్నారు. ఆయనకి తెలుగు రాదు, నాన్నకి కన్నడ రాదు. నా ఆఫీసు కన్నడతో మధ్యలో ఉందామనుకున్నాను కానీ నా అవసరమే పడలేదు.

గిరగిర తిరుగుతున్న కర్రకి ఆయన పసుపు రంగు లక్క కడ్డీని ఆనించారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ గీతలు గీతలుగా అంటుకుంది. అప్పుడది మచ్చలు మచ్చలుగా, మెరుపు లేకుండా ఉంది. నాన్న వెంటనే బొటనవేలు, చూపుడువేలు కలిపి ఏదో ఆకుని మడిచి రుద్దినట్టు చేసి చూపించారు. పెద్దాయన నవ్వి, పక్కన ఉన్న ముళ్లు తీసిన పొడుగాటి ఆకు తీసి ఇచ్చారు. "మొగలాకు," అన్నారు నాన్న, మా వైపు తిరిగి. దాన్ని తిరుగుతున్న కర్రకి అదిమి పట్టుకోగానే, ఆ మచ్చలన్నీ కరిగి ఒక్కటైపోయి, అద్దంలా నిగనిగలాడింది. లక్క వేడెక్కిన వాసన గదంతా. నాన్న చెయ్యి వణకలేదు. ఇంట్లో కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి అది.

నాన్నకి అమ్మమ్మ గారి ఊరు ఏటికొప్పాక, అదీ లక్క బొమ్మల ఊరే. ఆ సంగతి నాకు తెలుసు. కానీ చిన్నప్పుడు ప్రతి వేసవీ అక్కడ పక్కింటి బొమ్మల వాళ్ల దగ్గర కూర్చుని, లేత్ తిప్పడానికి తాడు లాగేవారని, కూలి కింద పగిలిన బొంగరం ఒకటి ఇచ్చేవారని నలభై ఏళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. చన్నపట్న వాళ్లు వాడేదీ, ఏటికొప్పాక వాళ్లు వాడేదీ ఒకటే చెట్టు కర్ర. మనం అంకుడు అంటాం, వాళ్లు ఆలె మర అంటారు. లక్క పని కూడా ఒకటే. ఇక్కడికి టిప్పు సుల్తాన్ పర్షియా నుంచి పనివాళ్లని రప్పించాడని చెబుతారు, అక్కడ వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వాళ్లది వేరే కథ. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గానీ, ఆ ఇద్దరు ముసలివాళ్లు ముప్పావు గంట పాటు చేతులతోనే మాట్లాడుకున్నారు. మా పెద్దాడు ఫోన్ జేబులో పెట్టేసి, "తాతయ్యా, నాకు చూపించు" అని పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముందు రోజు రోలర్ కోస్టర్ దిగాక వాడి మొహంలో ఆ వెలుగు నేను చూడలేదు.

చెన్నైలో మా చెల్లెలు కూడా ఇప్పుడు ఇదే చేస్తోంది. వాళ్లది ఈస్ట్ కోస్ట్ రోడ్డు వైపు, ఎంజీఎం డిజ్జీ వరల్డ్ పార్కుకి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు మరుసటి రోజు ముట్టుకాడులో దక్షిణచిత్ర చూస్తారు. 1996లో తెరిచారు, దక్షిణాది పాత ఇళ్లని విప్పి తెచ్చి మళ్లీ కట్టిన చోటు. అందులో మన ఉత్తరాంధ్ర చుట్టిల్లు కూడా ఉంది. వాళ్ల అత్తగారు ఆ అరుగు మీద కూర్చుని లేవనంది.

రిసార్ట్ గదిలో సాయంత్రాలకి ఏం చేయాలని కూడా అడిగారు. అష్టాచెమ్మా గుడ్డ, గవ్వలు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. సంచిలో జానెడు చోటు కూడా పట్టదు. గంటకొక పని రాసుకున్న ఎక్సెల్ షీట్‌తో వచ్చేవాళ్లని ఈ మధ్య తెగ చూస్తున్నాను, సెలవులో కూడా టెన్షన్ పడేవాళ్లని చూస్తే జాలేస్తుంది. అలాగే పెద్ద సౌండుతో డీజే పెట్టే రిసార్టులు. ఊటీ దారిలో ఒక చోట రాత్రి పదకొండున్నర దాకా పాటలు ఆపలేదు, నాన్న దిండు చెవుల మీద పెట్టుకుని పడుకున్నారు. గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఈ ఒక్క విషయం తప్పకుండా అడగండి.

చన్నపట్న నుంచి వచ్చాక నాన్న ఏటికొప్పాక బొమ్మల గురించి వచ్చిన ప్రతిదీ చదువుతున్నారు. రంగులకి పసుపు, నీలిమందు లాంటివి వాడే పద్ధతిని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చిందని ఆయనే నాకు చెప్పారు. 2025 రిపబ్లిక్ డే రోజు ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు వస్తాయని తెలిసి, పొద్దున్నే స్నానం చేసి టీవీ ముందు కూర్చున్నారు. శకటం వచ్చినప్పుడు పిల్లల్ని కేకేసి పిలిచారు. ఆ కర్రకి మెరుపెలా వస్తుందో ఇప్పుడు వాళ్లకీ తెలుసు.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. గది రెండు రాత్రులకి, పార్కు టికెట్లు ఒక రోజుకి, అవీ నాలుగే. మరి సంచులెవరు చూస్తారని నాన్న అడిగారు. లాకర్ తీసుకుంటున్నామని చెప్పాను.