ప్రశ్నలడిగే అకౌంటెంటే మేలు

ప్రశ్న: పదకొండేళ్లు ఉద్యోగం చేసి, రెండేళ్ల క్రితం మానేసి, భవనాలకు విద్యుత్ పనులు చేసే కాంట్రాక్టర్‌గా సొంతంగా నిలబడ్డాను. ప్రస్తుతం మూడు కంపెనీలకు పని చేస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం పన్ను సంగతి యాజమాన్యమే చూసుకునేది కాబట్టి ఈ లెక్కల గురించి నాకు తెలిసింది తక్కువ. తోటి కాంట్రాక్టర్ ఒకరు చెప్పగా ఒక అకౌంటెంట్‌కు కాగితాలన్నీ అప్పగించాను. “మీరేమీ చూడక్కర్లేదు, అన్నీ నేను చూసుకుంటాను” అన్నారాయన. తీరా చూస్తే, ఒక కంపెనీ నాకు చెల్లించిన సొమ్ము రిటర్నులో లేదంటూ పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చింది. పన్ను ఖాతాలో నమోదైన ఈమెయిలు, ఫోను నంబరు రెండూ ఆయనవే కావడంతో ఆ సంగతి నాకు నెల తర్వాత గాని తెలియలేదు. ఇప్పుడు నా ముందు ముగ్గురున్నారు. ఒకరు మా బంధువులకు బాగా తెలిసినవారు. రెండోవారు చాలా తక్కువ ఫీజుకు ఆన్‌లైన్‌లోనే అంతా చేసిపెడతామంటున్నారు. మూడోవారు వృత్తి సంస్థలో సభ్యులు. ఫీజు ఎక్కువ, పైగా మొదటి రోజే గంటసేపు ప్రశ్నలతో విసిగించారు. వీరిలో ఎవరిని నమ్మాలి?

జవాబు: మిమ్మల్ని విసిగించిన మూడోవారి వైపే మా మొగ్గు. అయితే కారణాలు చెప్పేముందు, ఎవరిని ఎంచుకున్నా ఈ వారంలోనే చేయవలసిన పని ఒకటి ఉంది. పన్ను ఖాతాలోని ఈమెయిలు, ఫోను నంబరు మార్చి మీవి నమోదు చేయించండి. పాస్‌వర్డ్ కూడా మార్చండి. అకౌంటెంట్‌కు ఆ ఖాతాతో పని ఉంటుందన్నది నిజమే. కానీ చాలా దేశాల పన్ను శాఖలు అందుకోసం ప్రతినిధిగా విడిగా అధికారమిచ్చే ఏర్పాటు చేశాయి. దాని ద్వారా ఆయన తన పేరుతో లోపలికి వస్తారు, మీరు వద్దనుకున్న రోజున ఆ అధికారాన్ని రద్దు చేయవచ్చు. పాస్‌వర్డ్ చేతికివ్వడమంటే ఇంటి తాళంచెవి ఇచ్చి, తలుపు దగ్గరి గంట కూడా ఆయన ఇంట్లోనే మోగేలా పెట్టడం. మీ నోటీసు విషయంలో జరిగింది అదే.

రిటర్ను ఎవరు తయారుచేసినా, అది దాఖలయ్యేది మీ పేరుతో. అందులో తప్పు దొర్లితే అదనపు పన్ను, వడ్డీ, జరిమానా కట్టవలసినదీ సాధారణంగా మీరే. అకౌంటెంట్ నిర్లక్ష్యాన్ని రుజువు చేసి ఆయన నుంచి నష్టపరిహారం రాబట్టుకోవడం వేరే పోరాటం. అందుచేత బాధ్యతంతా దించుకునేందుకు ఒక భుజం వెతకడం కాకుండా, మీ లెక్క మీకు అర్థమయ్యేలా చూపించగల మనిషిని వెతకండి. దాఖలు చేసేముందు చిత్తు ప్రతి మీకు పంపి, “ఈ మొత్తాలు మీకు వచ్చిన సొమ్ముతో సరిపోయాయా?” అని అడిగి, మీరు ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లేవారు కావాలి. పాత అకౌంటెంట్ ఈ ఒక్క పని చేసి ఉంటే, మూడు కంపెనీల బదులు రెండే కనిపించడం మీకే తట్టేది.

ఇక అర్హత సంగతి. మనవాళ్లు లెక్కలు చూసే ప్రతివారినీ “ఆడిటర్ గారు” అంటారు గాని, పద్దులు రాయడం, పన్ను రిటర్ను తయారుచేయడం, ఇతరులు రాసిన లెక్కలను స్వతంత్రంగా తనిఖీ చేసి అభిప్రాయం చెప్పడం మూడూ వేర్వేరు పనులు. అసలు ఆడిట్ అంటే చివరిది మాత్రమే. అంతేకాదు, బ్రిటన్ వంటి దేశాల్లో “అకౌంటెంట్” అనే ఉత్తమాటను ఎవరైనా తమ పేరు ముందు పెట్టుకోవచ్చు, చట్టం అడ్డుచెప్పదు. కాబట్టి విజిటింగ్ కార్డు మీద అక్షరాలు చూసి ఆగిపోకుండా, ఆయన సభ్యుడినని చెప్పే వృత్తి సంస్థ స్వయంగా నిర్వహించే జాబితాలో పేరు, సభ్యత్వ సంఖ్య సరిచూడండి. సభ్యత్వం ఉండడం వేరు, బయటివారికి సేవలందించే ప్రాక్టీసు అనుమతి ఉండడం వేరు అని కూడా గుర్తుంచుకోండి. సభ్యత్వం వల్ల మీకు దక్కేది ముఖ్యంగా ఫిర్యాదు చేసుకునే చోటు. అకౌంటెంట్ల అంతర్జాతీయ నీతి నియమావళి నిజాయతీ, నిష్పాక్షికత, వృత్తి సామర్థ్యంతో కూడిన శ్రద్ధ, గోప్యత, వృత్తికి తగిన నడవడి అని 5 మూల సూత్రాలు చెబుతుంది. వీటిని మీరిన సభ్యుడిని అతని సంస్థ విచారించగలదు. ఏ సంస్థకూ చెందనివారి మీద అలా అడిగే నాథుడుండడు.

అయినా సభ్యత్వమొక్కటే చాలదు. పెద్ద కంపెనీల లెక్కల్లో ఆరితేరినవారికి ఒంటరి కాంట్రాక్టర్ చిక్కులు కొత్త కావచ్చు. దీన్ని పరీక్షించడానికి మీ పని నుంచే ఒక ప్రశ్న తీసుకోండి. ప్రధాన కాంట్రాక్టర్ మీ బిల్లులో కొంత సొమ్మును, పనిలో లోపాలు బయటపడే గడువు ముగిసేదాకా ఆపి ఉంచుతాడనుకుందాం. ఆ సొమ్మును ఏ సంవత్సరపు ఆదాయంగా చూపాలని అడగండి. తడుముకోకుండా ఒక్క ముక్కలో జవాబు చెప్పినవారిని చూసి మురిసిపోకండి. మీ ఒప్పందంలో ఏమని రాసుంది, సొమ్ము చేతికందినప్పుడు రాసే పద్ధతిలో లెక్కలు ఉంచుతున్నారా లేక బిల్లు ఇచ్చినప్పుడే రాసే పద్ధతిలోనా అని ఎదురు ప్రశ్న వేసినవారికే విషయం తెలుసని అర్థం. అలాగే మీ పనివేళలను ఎవరు నిర్ణయిస్తారు, పనిముట్లు ఎవరివి, మీ బదులు మరొకరిని పంపే హక్కు ఉందా, నష్టం వస్తే ఎవరు భరిస్తారు అని అడిగితే అది ఊసుపోక అడిగింది కాదు. పేరుకు కాంట్రాక్టరైనా, పని తీరును బట్టి మిమ్మల్ని ఉద్యోగిగానే పరిగణించే అవకాశం చాలా దేశాల చట్టాల్లో ఉంది. దాన్నిబట్టి పన్ను మొత్తం మారిపోతుంది. మూడోవారి గంటసేపటి ప్రశ్నలు ఇలాంటివే అయివుంటే, మీకు అప్పటికే ఆయన పని మొదలుపెట్టేశారన్నమాట.

బంధువులకు తెలిసినవారి విషయంలో మా అభ్యంతరం ఆయన నిజాయతీ మీద కాదు, మీ మొహమాటం మీద. గడువు దాటినా గట్టిగా అడగలేరు, ఫీజు తేల్చుకోలేరు, నచ్చకపోతే మానలేరు. ఇవన్నీ చేయగలనన్న ధైర్యముంటే ఆయనను కూడా పైన చెప్పిన జల్లెడలోనే పట్టండి. ఆన్‌లైన్ సేవ చవక కావడం తప్పేమీ కాదు. ఒకే తీరు ఆదాయం ఉన్నవారికి అది సరిపోతుంది కూడా. కానీ ఇప్పటికే నోటీసు అందుకున్న మీకు, జవాబు ఎవరు రాస్తారు, ఏటా అదే మనిషి చూస్తారా అన్నవి తేలకుండా అటు వెళ్లమని చెప్పలేం.

ఎవరితో కుదుర్చుకున్నా పని పరిధిని కాగితం మీద పెట్టించుకోండి. ఏయే రిటర్నులు, ఎంత ఫీజు, నోటీసుకు జవాబివ్వడం అందులో భాగమా కాదా, గడువులు గుర్తుచేయడం ఎవరి వంతు, మధ్యలో విడిపోతే కాగితాలు ఎన్నాళ్లలో తిరిగిస్తారు అన్నవి అందులో ఉండాలి. తిరిగొచ్చే పన్నులో ఇంత శాతం ఫీజు అంటే మాత్రం లేచి వచ్చేయండి. ఆ బేరంలో లెక్కను పెంచి చూపడమే ఆయనకు లాభం. పన్ను మీ బ్యాంకు ఖాతా నుంచే నేరుగా కట్టండి, వాపసు సొమ్ము మీ ఖాతాకే రావాలి. ఖాళీ కాగితం మీద సంతకం ఎంత తొందరలోనైనా పెట్టకండి.

ప్రస్తుత నోటీసుకు జవాబు గడువు దగ్గరపడి ఉంటే, కొత్తవారికి మొదటి పనిగా అదొక్కటే అప్పగించి చూడండి. ఆ కంపెనీ చెల్లింపును మీ బిల్లులతో, బ్యాంకు పద్దుతో, కంపెనీ కోసి కట్టిన పన్ను ఉంటే దాని వివరాలతో ఎంత ఓపికగా పోల్చుతారో చూశాక, ఏడాది పని ఇవ్వాలో వద్దో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఇంటి నుంచి అనువాదాలు చేస్తాను. ఇంటి ఫోను, వాహనం ఖర్చులన్నీ పని ఖర్చులుగా రాసేద్దామని, అందరూ చేసేదేనని మా అకౌంటెంట్ అంటున్నారు. పన్ను తగ్గుతుంది కదా, ఒప్పుకోనా?

జవాబు: ఒప్పుకోకండి. సొంతానికీ పనికీ కలిపి వాడే వస్తువు ఖర్చులో పనికి వాడిన మేరకే చూపడం సాధారణ నియమం. ఆ నిష్పత్తిని ఎలా లెక్కకట్టారో చూపే ఆధారం మీ దగ్గర ఉండాలి. ఒక నెలపాటు పని కాల్స్, పని ప్రయాణాలు ఒక పుస్తకంలో రాసిపెట్టి ఆయనకివ్వండి. దాని ప్రకారం లెక్క వేయడానికి ఆయన ఇష్టపడకపోతే మరొకరిని చూసుకోండి. తనిఖీ వచ్చిన రోజున “అందరూ చేసేదే” అన్న మాట రశీదుగా చెల్లదు, ఆ మాట చెప్పిన మనిషి పక్కన ఉంటారన్న భరోసా అంతకన్నా లేదు.