సౌండ్ సందేహాలు: కీబోర్డు మీద డప్పు, వీల్ మీద గమకం

ప్రశ్న: ఒక డప్పు దెబ్బను ఫోన్‌లో రికార్డు చేసి శాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాన్ని కీబోర్డు కీలతో మోగించే సాఫ్ట్‌వేర్) వేశాను. అసలు కీ మీద బాగానే ఉంది. పై కీలు నొక్కితే ఆటబొమ్మ డప్పులా మోగుతోంది. వేగంగా వాయిస్తే మెషిన్‌గన్ పేలినట్టుంది. ఏ ప్లగిన్ వాడాలి?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఇది ప్లగిన్‌తో కుదిరే జబ్బు కాదు, మళ్లీ రికార్డు చేయాల్సిందే. మామూలు శాంప్లర్‌లో పై కీ నొక్కడమంటే అదే రికార్డింగును వేగంగా తిప్పడం. 12 కీలు పైకి వెళ్తే వేగం రెట్టింపు, నిడివి సగం. 1.2 సెకన్ల మోత 0.6 సెకన్లకు వచ్చేస్తుంది. శ్రుతితో పాటు చట్రం, చర్మం ఇచ్చే అనునాదం కూడా పైకి జరుగుతుంది కాబట్టి చెవికి అది చిన్న డప్పే. అసలు కీకి అటు మూడు, ఇటు మూడు కీలు దాటకండి.

మెషిన్‌గన్ గొడవ వేరు. ఏ కళాకారుడూ రెండు దెబ్బలు అచ్చు ఒకేలా కొట్టడు. మీ శాంప్లర్ మాత్రం ఒకే దెబ్బను పదేపదే వినిపిస్తోంది. సిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ, రెండూ కలిసిన దెబ్బ – ఒక్కోదాన్ని మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా, ప్రతి స్థాయిలో నాలుగేసి సార్లు కొట్టించండి. మొత్తం 36 శాంపిళ్లు. వెలాసిటీ (కీని ఎంత ఊపుగా నొక్కారో చెప్పే అంకె) 1–50కి మెల్లని దెబ్బలు, 51–100కి మధ్యవి, 101–127కి గట్టివి పెట్టండి. ఒక్కో స్థాయిలోని నాలుగూ వంతులవారీగా మోగేలా చేసేదే రౌండ్ రాబిన్. కాంటాక్ట్ అనే శాంప్లర్‌లో ఈ సదుపాయం ఉంది, ఉచితంగా దొరికే డీసెంట్ శాంప్లర్‌లోనూ ఉంది.

ఫోన్ వద్దు. చాలా ఫోన్లలో రికార్డింగ్ యాప్ శబ్దాన్ని తనంతట తానే తగ్గించి పెంచుతుంది, దాంతో దెబ్బ మొన విరిగిపోతుంది. మైకును రెండడుగుల దూరంలో కాస్త ఏటవాలుగా పెట్టి 24 బిట్‌లో తీయండి. ఎంత గట్టి దెబ్బైనా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. డప్పును కాచిన వెంటనే అన్నీ ఒకే ఊపులో ముగించండి. చల్లారితే చర్మం వదులై శ్రుతి దిగుతుంది, అప్పుడు మొదటి దెబ్బకూ 36వ దెబ్బకూ పొంతన ఉండదు. అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ముక్కలుగా కోశాక ఒక్కోదాన్నీ విడిగా నార్మలైజ్ చేస్తారు, అంటే అన్నిటినీ ఒకే గరిష్ఠ స్థాయికి పెంచేస్తారు. మెల్లని దెబ్బకూ గట్టి దెబ్బకూ ఉన్న తేడా అక్కడే చచ్చిపోతుంది. చివరగా శాంప్లర్‌ను వన్‌షాట్‌లో పెట్టండి, లేకపోతే కీ వదలగానే మోత తెగిపోతుంది.

ప్రశ్న: తంబురా రికార్డింగును లూప్ చేస్తే ప్రతి చుట్టుకూ ‘టక్’ మంటోంది. జీరో క్రాసింగ్ (తరంగం సున్నాను దాటే చోటు) దగ్గరే కోశాను.
– రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: జీరో క్రాసింగ్ సగం వైద్యమే. తరంగం రెండు చివర్లా సున్నా దగ్గరే ఉన్నా, ఒకచోట పైకి ఎక్కుతూ, మరోచోట కిందికి దిగుతూ ఉంటే ఆ మలుపు వినిపిస్తుంది. పైగా స్టీరియోలో ఎడమ, కుడి చానళ్లు ఒకే క్షణాన సున్నాకు రావడం అరుదు. క్రాస్‌ఫేడ్ కావాలి, అంటే ఒక శబ్దం తగ్గుతుంటే మరొకటి పెరగాలి. 200 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి.

క్రాస్‌ఫేడ్ అనేది లూప్ చివరి భాగంలో, లూప్ మొదలుకు ముందున్న శబ్దాన్ని కలుపుతుంది. ఫైలు మొదట్లోనే లూప్ మొదలుపెడితే కలపడానికి ఏమీ ఉండదు. అందుకే రెండు మూడు ఆవృత్తులు (తీగలన్నీ ఒకసారి మీటితే ఒక ఆవృత్తి) వదిలి లూప్ మొదలుపెట్టండి. పంచమం తీగ మీటడానికి కాస్త ముందు మొదలై, మళ్లీ పంచమం మీటడానికి అంతే ముందు ముగియాలి. ఒక్క ఆవృత్తినే తిప్పితే చెవి పట్టేస్తుంది, నాలుగైదు ఆవృత్తులు తీసుకోండి. రెండు రకాల క్రాస్‌ఫేడ్ ఉంటే ఈక్వల్ పవర్ ఎంచుకోండి. లీనియర్ అయితే పొంతన లేని రెండు శబ్దాలు కలిసే చోట ధ్వని 3 డెసిబెల్స్ దాకా కుంగుతుంది.

ప్రశ్న: వీణ శాంపిల్‌తో తోడి రాగం వాయిస్తున్నాను. గాంధారానికి ఎల్‌ఎఫ్‌ఓతో (శ్రుతిని తనంతట తానే లయగా ఊపే సదుపాయం) వైబ్రాటో ఇస్తే పాత ఆర్గన్‌లా ఉంది.
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: ఎల్‌ఎఫ్‌ఓ స్వరానికి రెండు పక్కలా సమానంగా ఊగుతుంది. వీణలో అలా కుదరదు. మెట్టు మీద తీగను లాగితే శ్రుతి పైకే పోతుంది, మెట్టు స్వరం కంటే కిందికి రాదు. తోడి గాంధారం శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. కాబట్టి గాంధారం కీ నొక్కకండి. సి కీని షడ్జమం అనుకుంటే సి షార్ప్ నొక్కి, శ్రుతిని జరిపే పిచ్ బెండ్ వీల్‌తో ఎఫ్ దాకా లాగాలి. అంటే నాలుగు స్వరస్థానాలు.

చాలా సింథ్‌లలో (కీబోర్డు పంపే ఆదేశాలతో శబ్దం పుట్టించేవి) పిచ్ బెండ్ హద్దు మొదట రెండు స్వరస్థానాలే. ఐదుకు పెంచండి. పెంచాల్సింది కీబోర్డులో కాదు, సింథ్‌లో. కీబోర్డు అంకెలు మాత్రమే పంపుతుంది. 12కు పెంచితే వీల్ చేతికి లొంగదు. మోనో (ఒకసారికి ఒకే స్వరం), లెగాటో (స్వరాల్ని తెగకుండా కలపడం) రెండూ ఆన్ చేయండి, లేకపోతే ప్రతి స్వరానికీ కొత్త మీటు వినిపిస్తుంది. వీల్ తిప్పకుండా ఆటోమేషన్‌లో (శ్రుతి కదలికను తెర మీద గీసే చోటు) వంపు గీస్తుంటే అలలా గీయకండి. కింద కాసేపు నిలవాలి, చురుగ్గా ఎగబాకాలి, పైన ఆగీ ఆగనట్టు ఆగి దిగాలి. ఒక్కో ఊపు నిడివి కూడా వేర్వేరుగా ఉండాలి.

ప్రశ్న: పాత సినిమా పాటలోంచి రెండు సెకన్లు వాడుకుంటే తప్పు లేదంటారు. నిజమేనా?
– న్యూజెర్సీ పాఠకుడు

జవాబు: మన 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఏదీ లేదు. రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన రికార్డు గడువు 2020తో తీరింది. కానీ బాణీ, సాహిత్యం వేరే హక్కులు, అవి రచయిత మరణించాక 60 ఏళ్లు నడుస్తాయి. మీరున్న అమెరికాలో లెక్క మళ్లీ వేరు. విడుదల చేసే ఉద్దేశం ఉంటే ఆ రెండు సెకన్లు మీరే వాయించి రికార్డు చేసుకోండి. రికార్డింగు హక్కు గొడవ పోతుంది, బాణీకి అనుమతి మాత్రం అడగాల్సిందే.