సముద్రంలో దీవి కట్టి గాలి కరెంటు తేవడం ఎందుకు? స్టీలు ప్లాట్‌ఫారం చాలదా?

ఒకటి రెండు విండ్ ఫామ్‌లకైతే (గాలిమరల గుంపులకైతే) సామాన్లు పెట్టడానికి ప్లాట్‌ఫారమే చాలు, దీవి దండగ. చాలా ఫామ్‌ల కరెంటు ఒకచోట చేర్చి, అక్కడి నుంచే ఇంకో దేశానికీ లైను వేయాలంటే దీవి మాట వస్తుంది. నేను నెదర్లాండ్స్‌లో సబ్‌స్టేషన్ డిజైన్ పని చేస్తాను. పక్కనే బెల్జియం కడుతున్న ప్రిన్సెస్ ఎలిజబెత్ దీవి గురించి చెప్తాను.

తీరానికి 45 కిలోమీటర్ల దూరం, విస్తీర్ణం 6 హెక్టార్లు, అంటే మన లెక్కలో పదిహేను ఎకరాలు. చుట్టూ గోడకి 23 కాంక్రీటు కైసన్లు, అంటే పక్కపక్కన పేర్చే భారీ పెట్టెలు. ఒక్కోటి 22,000 టన్నులు! వాటిని నేనుండే నెదర్లాండ్స్‌లోనే ఫ్లిస్సింగెన్ రేవులో పోశారు. మా నాన్నగారు వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. ఇరిగేషన్‌లో రిటైరైన మనిషి, గోదావరి వంతెనలకి బావి పునాదులు దించడం చూసినవారు. "ఇంత కాంక్రీటు తేలుతుందా?" అన్నారు. "లోపల బోలు నాన్నా, డబ్బాలా తేలుతుంది. టగ్గులు లాక్కెళతాయి. అక్కడ నీళ్లు నింపితే కూర్చుంటుంది, తర్వాత ఇసుక పోస్తారు" అన్నాను. అడుగున ఇసుక కోసుకుపోకుండా ఏం చేస్తారన్నది ఆయన రెండో ప్రశ్న. ముందే రాళ్లతో పరుపు వేస్తారంటే అప్పుడు తలూపారు. మొదటి కైసన్లు 2025లో దించారు.

కానీ అసలు టెన్షన్ కాంక్రీటుతో కాదు, పైన పెట్టే సామాన్లతో. ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు, మోసే కేబుల్ కెపాసిటర్ లాంటిది, కాస్త కరెంటు తనలో దాచుకుంటుంది. కరెంటు దిశ మారిన ప్రతిసారీ ముందు తన కడుపు నింపుకుంటుంది. సముద్రం కింద దూరం పెరిగేకొద్దీ మనకి మిగిలేది తగ్గుతుంది. 45 కిలోమీటర్లకి ఏసీ సరిపోతుంది. బ్రిటన్‌తో కలపాలంటే మాత్రం డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కావాలి, దానికి ఏసీని డీసీగా మార్చే భారీ కన్వర్టర్లు కావాలి. అక్కడే లెక్క తప్పింది. మొదట సుమారు 220 కోట్ల యూరోలన్న ప్రాజెక్టు 700 కోట్లు దాటింది. డీసీ కాంట్రాక్టుల మీద సంతకాలు 2025లో ఆపేశారు. డెన్మార్క్ అయితే తీరానికి 80 కిలోమీటర్ల అవతల ఇంకా పెద్ద దీవి అనుకుని, ఖర్చు చూసి 2023లోనే టెండరు వాయిదా వేసింది. సహజంగా ఉన్న తమ బోర్న్‌హోమ్ దీవిని హబ్‌గా, అంటే కరెంటు ఒకచోట చేర్చే కేంద్రంగా, వాడుకునే ప్లాను వాళ్లకి వేరే ఉంది. నన్నడిగితే అదే తెలివైన పని. నేల ఎలాగూ ఉంది కదా.